డాబా లేనివాడి సూర్యుడు

కిందటి నెల మా మేనల్లుడు జర్మనీనుంచి ఒక ఫోటో పంపించాడు. పెళ్ళాంపిల్లల ఫోటో కాదు, వాళ్ళుండే అద్దెవాటా బాల్కనీ ఫోటో. మనమైతే తడిబట్టలు ఆరేసుకునే కమ్మీలకు వాడు రెండు నల్లటి సోలార్ ప్యానెళ్ళు బిగించుకున్నాడు. వాటి వెనకనుంచి ఒక వైరు వచ్చి గోడకున్న మామూలు ప్లగ్గులో దూరింది. “మావయ్యా, ఇదే మా కరెంటు ఫ్యాక్టరీ. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టినట్టు పెట్టేశాను, అంతే!” అని కింద రాశాడు.

ఆ ఫోటో మా ఇంట్లో చిన్న తుపాను లేవదీసింది. మేముండేది విజయవాడలో, ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో. పైన డాబా ఉంది గాని అది అందరిదీ. అందరిదీ కనక ఎవరిదీ కాదు. ఎండాకాలం కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా మా ఆవిడ దాన్ని నా బల్లమీద పెట్టి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోతుంది. ఈసారి మాట్లాడింది.

“ఏమండీ, ఎండ మొహం అపురూపంగా చూసే దేశంలో వాడు బాల్కనీలో కరెంటు పండించుకుంటున్నాడు. ఇంత ఎండ నెత్తిమీద పెట్టుకుని మనం బిల్లులు కట్టుకుంటున్నాం. మనకేం వచ్చింది?”

ప్రశ్న న్యాయమైనదే. కాని నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఛందస్సులో గణాలు లెక్కపెట్టడం తప్ప వాట్లు లెక్కపెట్టడం ఎరగను. “దానికేం, మనమూ తెప్పిద్దాం” అన్నాను. ఒక ప్యానెలూ, ప్లగ్గు ఉన్న బుల్లి ఇన్వర్టరూ ఎంతకు వస్తాయో వాకబు చేశాను కూడా. ఆ ఘడియలో, మెట్లకింద ఫ్యూజు పోయిందని కబురు చేస్తే, లైన్‌మన్ వచ్చాడు. పాతికేళ్ళుగా మా పేటలో స్తంభాలెక్కుతున్న మనిషి. ఫోటో అతనికి చూపించి, గొప్పగా వివరించాను.

అంతా విని అతను ఒక్కటే అడిగాడు: “మాస్టారూ, లైను పోయినప్పుడు ఇది ఏం చేస్తుందండీ?”

“అప్పుడే గదయ్యా దీని ఉపయోగం! పేటంతా చీకటైనా మా ఫ్యాను తిరుగుతుంది.”

అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతినుంచి భుజందాకా కాలిన మచ్చ. “ఎల్.సి. తీసుకుని, లైను చచ్చిందని నమ్మి ఎక్కానండి. కింద ఎవరో జనరేటరు వేసుకుని, మెయిను దింపడం మరిచిపోయారు. బెల్టు ఉండబట్టి వేలాడాను గాని పడలేదు” అని, చెయ్యి దించుకుని ఫ్యూజు వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

నాకు రెండు రోజులు ఆ మచ్చే కళ్ళముందు ఆడింది. మూడోరోజు మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరుగారి దగ్గర కూర్చుని శిష్యరికం చేశాను. పాఠకులలో నావంటి వారుంటారు గనక, నేర్చుకున్నది చెబుతాను.

వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టుల కరెంటును మన ఇళ్ళకు సరిపడేట్టు తగ్గించి పంపుతుంది. అయితే దానికి రాకా పోకా తేడా తెలియదు. మన ఇంట్లోంచి 230 వోల్టులు వెనక్కు పోతే, అటువైపు అవి మళ్ళీ వేల వోల్టులై కూర్చుంటాయి. స్తంభంమీద ఉన్నవాడికి ఆ సంగతి తెలియదు. అందుచేత ఇటువంటి పరికరాలకు మొదటి షరతు ఏమిటంటే, బయటి లైను చచ్చిన మరుక్షణం ఇదీ ఆగిపోవాలి. మంచి ఇన్వర్టరు అస్తమానం లైను నాడి చూస్తూ ఉంటుంది. సెకనుకు 50 సార్లు కొట్టుకునే ఆ నాడి అందకపోతే తన కొట్టు కట్టేస్తుంది. జర్మనీవారి ప్రమాణం ప్రకారం సెకనులో ఐదోవంతులో ఆగాలి. ప్లగ్గు పీకినప్పుడు దాని పుల్లలు చేతికి తగిలినా ప్రాణం పోకుండా కాపాడేదీ ఇదే.

అంటే ఏమైంది? కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరగదు! బ్యాటరీ, లైనుతో పొత్తులేని వేరే ప్లగ్గు ఉంటే తప్ప, పేటతోబాటు మనమూ చీకట్లోనే. ఈ ముక్క చెప్పేసరికి మా ఆవిడ ఉత్సాహం సగం చల్లబడింది.

రెండో చిక్కు గోడలోపలి వైర్లది. ఒక వైరు 16 ఆంపియర్లకు మించి మొయ్యకుండా ఎం.సి.బి. కావలి కాస్తుంది. ఆ వైరుకే అటు చివర మనం ప్యానెలు తగిలిస్తే, కావలివాడికి తెలియకుండా దొడ్డిగుమ్మంనుంచి ఇంకో కరెంటు వస్తుంది. 800 వాట్లంటే సుమారు మూడున్నర ఆంపియర్లు. కావలివాడు 16 లెక్క చూసుకుని ఊరుకుంటాడు, కాని వైరుమీద కొంతమేర పంతొమ్మిదిన్నర నడవవచ్చు. మంచి వైరు ఆ కాస్త బరువూ ఓర్చుకుంటుంది. ముప్ఫై ఏళ్ళనాటి అపార్టుమెంటులో, ఎవరు వేశారో ఎలా అతికారో తెలియని వైరు ఓర్చుకుంటుందా? ఒకటి చాలక రెండు మూడు సెట్లు ఒకే వైరుకు తగిలిస్తే?

మూడోది మీటరు. పాతకాలపు చక్రం మీటరైతే, కరెంటు బయటికి పోయినప్పుడు వెనక్కు తిరుగుతుంది. మన ఇళ్ళలో ఇప్పుడున్న ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావరకు దొంగతనం అరికట్టడానికి చేసినవి. కరెంటు ఎటు నడిచినా వాడకం కిందనే రాసుకుంటాయి. అంటే మధ్యాహ్నం మనం ఇంట్లో లేనప్పుడు కంపెనీకి ఊరికే ఇచ్చిన కరెంటుకు మనమే బిల్లు కట్టవలసి రావచ్చు! దానం చేసి రుసుము కట్టడమన్నమాట.

మరి జర్మనీవాళ్ళు ఎలా నెగ్గారు? ఒక్కరోజులో నెగ్గలేదు. చాలా ఏళ్ళు 600 వాట్లు మించరాదన్న హద్దు ఉండేది. పంపిణీ కంపెనీకి తెలియజెయ్యాలి, ప్రభుత్వ పట్టికలో ఎక్కించాలి, మీటరు మార్చాలి. మామూలు ప్లగ్గు పనికిరాదు, ప్రత్యేకమైన ప్లగ్గు కావాలని నిపుణుల వాదం. వీటన్నిటికీ మించి ఇంటి యజమాని ఊఁ అనాలి. 2022లో ఉక్రెయిను యుద్ధంతో కరెంటు ధరలు మండేసరికి జనం ఆగలేకపోయారు. 2023 జనవరినుంచి ఈ సామగ్రిమీద అమ్మకంపన్ను సున్నా చేశారు. 2024 మే నెలలో వచ్చిన చట్టం హద్దును ఇన్వర్టరు దగ్గర 800కు పెంచింది. కంపెనీకి వేరే అర్జీ అక్కరలేదు, పట్టికలో నమోదు చేసుకుంటే చాలునంది. కొత్త మీటరు వచ్చేదాకా పాత చక్రం వెనక్కు తిరిగినా తప్పులేదంది. అదే ఏడాది అక్టోబరులో, సరైన కారణం లేకుండా యజమాని అడ్డుపడకూడదని అద్దెదారులకు హక్కు ఇచ్చారు. 2025 మధ్యకల్లా నమోదైనవి పది లక్షలు దాటాయి. అక్కడ కిరాణా సరుకులమ్మే గొలుసు దుకాణాల్లో కూడా ఇవి దొరుకుతాయట. అమెరికాలో యూటా రాష్ట్రం 2025లో ఇలాంటి చట్టమే చేసింది. 1,200 వాట్లవరకు కంపెనీతో ఒప్పందం అక్కరలేదు, కాని పరికరం భద్రతా పరీక్ష నెగ్గి ఉండాలి. అంటే వాళ్ళు ఎత్తివేసింది కాగితాలనే గాని, లైన్‌మన్ ప్రాణానికున్న కాపలాను కాదు.

మనదేశంలో దారి వేరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ‘పీఎం సూర్యఘర్’ పథకం కోటి ఇళ్ళను ఉద్దేశించింది. ఒక కిలోవాటుకు 30,000, రెండింటికి 60,000, మూడూ ఆపైన 78,000 రూపాయలు సబ్సిడీ. పది కిలోవాట్లవరకు సాంకేతిక పరిశీలన లేకుండానే దరఖాస్తు అంగీకరించినట్టు భావించాలని అదే ఏడాది నిబంధనలు సవరించారు. ఇదంతా మెచ్చుకోదగిందే. కాని ఇదంతా ఎవరికి? సొంత డాబా ఉన్నవారికి. దరఖాస్తు, రిజిస్టరైన వెండరు, తనిఖీ, నెట్ మీటరు - ఇంత తతంగం మూడు కిలోవాట్లకు చెల్లుతుంది గాని, బాల్కనీలో పెట్టుకునే ఒక్క ప్యానెలుకు చెల్లదు. తలకన్నా తలపాగా బరువవుతుంది. అద్దెకుండేవాడికీ, ఫ్లాటువాడికీ సూర్యుడున్నాడు గాని చోటులేదు.

ఇంకొక మెలిక సూర్యుడే పెట్టాడు. జర్మనీలో ఆయన ఎప్పుడూ దక్షిణంగా వాలి ఉంటాడు గనక నిలువుగా కట్టిన ప్యానెలుకు ఎదురుగా నిలబడతాడు. మన విజయవాడలో మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు. అంటే బిల్లు వాచిపోయే రోజుల్లోనే మా దక్షిణపు బాల్కనీకి మిట్టమధ్యాహ్నం సూటి ఎండ తగలదు. మనకు కావలసింది బాల్కనీ కాదు, డాబాయే!

ఈ ముక్క తెలిశాక ఆ ప్యానెలు బేరం మానుకున్నాను. పథకం కాగితాలు మళ్ళీ తిరగేశాను. అందులో అపార్టుమెంటు సంఘాలకూ ఒక వాక్యం ఉంది: లిఫ్టు, నీళ్ళ మోటారు, మెట్లదీపాల వంటి ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ. పది కిలోవాట్లకు వెయ్యి చదరపుటడుగుల డాబా చాలు, రోజుకు సుమారు నలభై యూనిట్లు వస్తాయి. ఇది కాక, ఒకచోటి కరెంటును పలు ఇళ్ళ మీటర్లకు పంచే ఏర్పాటుకు ఢిల్లీవారు 2019లోనే నిబంధనలు రాసుకున్నారు.

పోయిన ఆదివారం సంఘం మీటింగులో ఈ సంగతి చెప్పాను. పై అంతస్తువారు “శ్లాబు కారితే ఎవరిది పూచీ?” అన్నారు. అడగవలసిన మాటే. కింది అంతస్తువారు “మేము లిఫ్టెక్కం, మాకెందుకు?” అన్నారు. ఇదీ అనవలసిన మాటే కాబోలు. ఇరవై నాలుగు ఫ్లాట్లకు పదమూడు సంతకాలు వచ్చాయి. మిగతావాటికోసం మా ఆవిడ సాయంత్రాలు మెట్లెక్కి దిగుతోంది. నాకంటే ఆవిడకే వాదన బాగా వచ్చు.

చిన్న ప్యానెళ్ళకు మన ప్రభుత్వంవారు కూడా ఒక చిన్న నిబంధన రాస్తే బాగుండును. ఇన్ని వాట్లదాకా, ఈ పరీక్ష నెగ్గిన ఇన్వర్టరు, ఒక ఇంటికి ఒకటే, ఫోనులో నమోదు - ఇంతే. రాసేదాకా, ప్లగ్గులో పెట్టడం తేలికని ఎవరైనా మీకు ఫోటో చూపిస్తే, మా లైన్‌మన్ అడిగిన ప్రశ్న అడగండి.

మేనల్లుడికి జవాబు రాశాను: “నాయనా, నీ ఫ్యాక్టరీ బాగుంది. మాది డాబామీద పెడుతున్నాం. ఇంకా పదకొండు సంతకాలు కావాలి.”