పాత ఫియటునకు క్రొత్త వేషమా?

మార్పునకు మేము విరోధులము కాము. మార్పు వలదనువాడు ఎడ్లబండి దిగి కారెక్కనే కూడదు. అయినను, మార్పు అను పేర జరుగుచున్న పనులలో కొన్ని కేవలము విధ్వంసములని చెప్పక తప్పని కాలము వచ్చినది. పాత ఫియటు కార్లను, ప్రీమియర్ పద్మినీలను చవుకగా కొని, వానిని కోసి అతికి, స్పోర్ట్సు కార్లను చేసితిమని మురియు వేడుక దేశమున పలుచోట్ల ప్రబలినది. స్టీరింగు ప్రక్కనున్న గేరు రాడ్డును పీకివేయుదురు. నేల రేకును కోసి వేరొక కారు గేరు బాక్సును ఇరికింతురు. స్ప్రింగులు తెగగొట్టి బండిని నేలకు దించుదురు. సైలెన్సరు మార్చి ఊరంతయు ఉలికిపడునట్లు మ్రోగింతురు. ఈ మోజు మన సునాబెడ, సెమిలిగుడ యువకులకును అంటుకొనుచున్నది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వారి పక్షమున చెప్పదగినది మొదట మేమే చెప్పెదము. ఇటలీ దేశపు స్పోర్ట్సు కార్లలో ఎన్నియో ఫియటును మార్చగా పుట్టినవే. ఎంజో ఫెరారీ స్వతంత్రుడై 1940లో చేయించిన మొదటి పందెపు బండి, ఫియటు 508 సి అను సామాన్యపు కారు భాగములతో కట్టినది. యుద్ధానంతరము వెలువడిన సిసిటాలియా 202 అను బండి సౌందర్యమునకు ముగ్ధులై న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలవారు దానిని 1951లో ప్రదర్శించిరి. దాని ఇంజను ఫియటు 1100 నుండి తీసుకొన్నదే. పరిమాణము 1089 ఘన సెంటీమీటర్లు. మన పద్మిని ఇంజనును అంతియే, ఆ వంశమే! కార్లో అబార్తు 1949లో నెలకొల్పిన సంస్థ, చిన్న ఫియట్లను సింహపు పిల్లలుగా మార్చుట వలననే లోకప్రసిద్ధి నొందినది. 1971లో ఫియటువారే దానిని కొనిరి. కావున ఫియటును మార్చుటయే పాపమని మేమెట్లు అనగలము?

అయితే వారు మార్చిన విధమేమి? అబార్తు తన 850 టి.సి. బండిలో ఇంజను బలము పెంచుటతో ఆగక, ముందు చక్రములకు డిస్కు బ్రేకులును అమర్చెను. పరుగు పెంచినవాడు నిలుపుటను మరువలేదు. సోవియటువారు ఫియటు 124ను తీసుకొని 1970 నుండి తొల్యాత్తి నగరమున లాడా బండ్లుగా తయారుచేసిరి. తమ దేశపు గతుకుల దారులకై రేకు మందము పెంచిరి, బండిని నేలనుండి పైకెత్తిరి, బురదకు తాళలేని వెనుక డిస్కు బ్రేకులను తీసి డ్రమ్ము బ్రేకులు పెట్టిరి. ఇట్టి మార్పులు వందల సంఖ్యలో చేసిరి. మన దేశమున ప్రీమియర్ సంస్థవారు 1985లో ఆ ఫియటు 124 రూపముననే, జపాను దేశపు నిస్సాను ఇంజనుతో 118 ఎన్.ఇ. అను కారును వెలువరించిరి. వీనిలో ప్రతి మార్పునకును ఒక కారణము కలదు, లెక్క కలదు, పరీక్ష కలదు.

ఇప్పుడు మన యువకుల పని చూడుడు. పద్మినికి లారీకివలె వేరుగా చట్రము లేదు, ఒడలే చట్రము. నేల రేకును, దాని నడుమనున్న సొరంగమును కోయుట యనగా వెన్నెముకను కోయుట. యాబది అశ్వశక్తులకు మించని ఇంజనుకై చేసిన ముందు భాగముపై బరువైన డీజిలు ఇంజనును దించుదురు. బ్రేకులు మాత్రము పాత డ్రమ్ములే. అట్టి బండితో పొట్టంగి మీదుగా సాలూరు ఘాటీ దిగినచో ఏమగునో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. ఘాటీలో బండిని పట్టి నిలుపునది తక్కువ గేరు. బ్రేకు దానికి తోడు మాత్రమే. పాత ఫియటులో మొదటి గేరునకు సింక్రోమెష్ లేదు. కదలుచున్న బండిని ఆ గేరులోనికి దింపవలెనన్న క్లచ్చిని రెండుమారులు త్రొక్కి, నడుమ ఇంజను వేగమును చెవితో విని సరిపుచ్చవలయును. ఈ విద్య ఏ గ్రంథమునను దొరకదు. చేతికి, కాలికి, చెవికి అబ్బవలసినది. గేరు పెట్టెను పీకివేసినవాడు దానితోపాటు ఈ విద్యను గూడ పారవేయుచున్నాడు.

వింత యేమనగా, లోకము దీనికి ఎదురు దిక్కున పోవుచున్నది. ఫెరారీవారు 1997లో ఎఫ్ 355 బండికి స్టీరింగు వెనుక మీటలతో గేర్లు మార్చు పద్ధతిని తెచ్చిరి. క్రమముగా వారి బండ్లనుండి చేతి గేరు మాయమైనది. నేడు విదేశములలో ధనికులు విశేషముగా సొమ్ము వెచ్చించి, ఆ మీటలు తీయించి, చేతి గేరును, క్లచ్చి పెడలును మరల పెట్టించుకొనుచున్నారు. వారు కోల్పోయి వెదకికొనుచున్నదానిని మనము చేతనుండగా తెగనమ్ముకొనుచున్నాము.

ఈ మాట సునాబెడవారితో చెప్పుటకు విశేష కారణము కలదు. శ్రీ వాల్చంద్ హీరాచంద్ గారు 1940లో బెంగుళూరున హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్టు సంస్థను స్థాపించిరి. 1941లో మన విశాఖపట్టణమున నౌకా నిర్మాణశాలకు పునాది వేయించిరి. 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్సును నెలకొల్పిరి. ఆ విమాన సంస్థయే 1964లో హిందుస్థాన్ ఏరోనాటిక్సుగా రూపొందినది. మిగ్ విమానములకై నాసిక్, హైదరాబాదులలో కర్మాగారములు వెలసినట్లే, ఇంజన్లకై మన సునాబెడలో వెలసినది. ఫియటును, ఈ ఊరి అన్నమును ఒకే మహనీయుని సంకల్పమునకు చుట్టములని అనవచ్చును. 2025 సెప్టెంబరు 26న వాయుసేన నుండి విరమించిన మిగ్ 21 విమానములకు ఇంజన్లు ఇచ్చిన ఊరిది. ఆ విమానమును గూడ మార్చిరి గదా! క్రొత్త రాడారు, క్రొత్త పరికరములు అమర్చి బైసన్ అను పేరిడిరి. కాని నక్షా లేక, కొలత లేక, సంతకము లేక అందొక మరనైనను ఎవరును త్రిప్పియుండరు. తండ్రులు అట్టి క్రమశిక్షణతో బ్రతికిన ఊరిలో, బిడ్డలు కొలబద్ద లేక రంపము పట్టుట మనకు తలవంపు.

“బండి మాది, మా యిష్టము” అని కొందరందురు. చట్టము అట్లు చెప్పుట లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సంగతిని స్పష్టపరచినది. 2021 జూలైలో వెలువడిన కేంద్ర నిబంధనల ప్రకారము, యాబది యేండ్లు దాటి, చట్రము, ఒడలు, ఇంజను మార్పు నొందక మూలరూపమున నున్న సొంత బండ్లు వింటేజి వాహనములుగా నమోదగుటకు అర్హములు. అట్టి బండ్లను నిత్యపు రాకపోకలకు వాడరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు నడుపవచ్చును. పద్మిని అను పేరు 1974లో వచ్చినది. ఆ తొలి బండ్లకు యాబది నిండినవి. రంపము పడిన బండికి ఈ గౌరవము శాశ్వతముగా పోయినట్లే. మేము పనిముట్టు పట్టినవారము కాము. జీవితమంతయు కాగితములు వ్రాసినవారము. కాగితము చెడిన బండి గతి యేమగునో మాకు తెలియును.

“విడిభాగములు దొరకవు, ఏమి చేయుదుము?” అనువారి మాటలో న్యాయము కలదు. పద్మిని తయారీ ఆగి ఇరువది యేండ్లు దాటినది. బొంబాయి వీధులలో చివరి పద్మిని టాక్సీ గడువును 2023 అక్టోబరుతో తీరినది. కావున మేమొక హద్దు సూచించుచున్నాము. బోల్టు విప్పి చేసిన మార్పును మరల విప్పవచ్చును. రంపముతో కోసి చేసినదానికి తిరుగు లేదు. డైనమో స్థానమున ఆల్టర్నేటరు పెట్టుడు, సీటు బెల్టులు బిగించుడు, మంచి దీపములు అమర్చుడు. తీసిన పాత భాగమును నూనె గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుడు. కోయవలసి వచ్చినచోట మాత్రము ఆగుడు.

కోరాపుటు సీమ 1936 ఏప్రిలు 1న ఒరిస్సాలో చేరినది. నాటినుండి మన ఇంటి తెలుగులో ఒడియా మాటలు, దేశియా మాటలు ఎన్నియో చేరినవి. వానివలన తెలుగు చెడలేదు; వాక్యపు కట్టు చెడనంతవరకు చెడదు. బండి విషయమునను మా మాట అదియే.

ఎవరి పెరటిలోనైనను టార్పాలిను క్రింద పాత ఫియటు ఉన్నచో, దానిని కోతగాండ్రకు అమ్మకుడు. పాత చేతి గేరు నడుపుట యెరిగిన పెద్దలు మన మధ్య ఇంకను కొందరు కలరు. పిల్లలను వారి ప్రక్కన కూర్చుండబెట్టుడు. మొదటి గేరు దింపుట నేర్పింపుడు. ఆ పెద్దల చేతులు ఓపినంత కాలమే ఈ చదువు ఉండును.