మూలబడిన కీబోర్డు



క్రిస్మసు పాటల సాధన జరుగుతుండగా మా పాతపట్నం సంఘములోని కాసియో కీబోర్డు ఒక్కసారిగా మూగబోయింది. దాని అడాప్టరును ఎవరో పెండ్లికి పట్టుకెళ్లి తిరిగి తేలేదు. యవనస్థుడొకడు తన యమహా అడాప్టరు తెచ్చి గుచ్చాడు. అంతే! కమిటీ పెద్దలు దానిని పాత సామాన్లవానికి ఇచ్చేద్దామన్నారు, స్టోరు గదిలోని హార్మోనియంతో సహా. 1990లలో మన స్త్రీలు వంటకు ముందు గుప్పెడు గుప్పెడు బియ్యము తీసి దాచి, ఆ డబ్బుతో కొన్న కీబోర్డది. మాకు మనసొప్పలేదు.

ఈ పెట్టెలు మన ఊళ్లకు చాలా దూరము నుండి వచ్చాయి. హార్మోనియంకు 1840లలో పారిస్‌లో దెబేన్ అనే ఆయన పేటెంటు పొందాడు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి కొట్టి వాయించేలా మలిచాడు. గమకాలు పలకవని ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని దూరముంచింది. మన కీర్తనలకు మాత్రము ఆ నిషేధము అంటలేదు!

కాసియో కంపెనీ మొదట లెక్కల యంత్రాలు చేసేది. 1980లో కాసియోటోన్ 201తో సంగీతములోనికి దిగింది. 1983లో యమహా డి.ఎక్స్.7 వచ్చాక సినిమా పాటల ధ్వనే మారింది. మన సాలూరు దగ్గర శివరామపురములో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారి కుమారుడు కోటి, రాజ్‌తో కలిసి పాటలు కట్టే రోజుల్లో వారికి కీబోర్డు వాయించిన యువకుడే, 1992లో 'రోజా'తో పేరు పొందిన ఎ.ఆర్. రెహమాన్. రేడియోలో ఆ ధ్వని విన్న మన పిల్లలు ఊరుకుంటారా?

ఇక మా కీబోర్డు సంగతి. పర్లాకిమిడిలో ఒక రేడియో మెకానిక్ విప్పి చూపించాడు. పాత కాసియోలలో ఎక్కువవాటికి అడాప్టరు పిన్ను లోపలి భాగము మైనస్. యమహాకు ప్లస్. తిరగబడి కరెంటు వెళ్లి ఒక డయోడు కాలింది, అది మార్చాడు. సాకెట్ పక్కన చిన్న బొమ్మలో ఆ గుర్తు అచ్చువేసే ఉంటుంది, మనమే చూడము. పలకని మూడు మెట్ల క్రింద రబ్బరు బొడిపెలకు దుమ్ము పట్టింది. దూదితో తుడిచాడు. వాడనప్పుడు బ్యాటరీలు తీసివేయుడని గట్టిగా చెప్పాడు. కారితే స్ప్రింగులు తినేస్తాయట.

ఇప్పుడు అడాప్టరుకు ఎర్ర రంగు పూసి తాడుతో కీబోర్డుకే కట్టాము. పెండ్లిళ్లకు ఇవ్వము, కోపపడకండి.

మొన్న సాధన మధ్యలో కరెంటు పోయింది. ఒక పెద్దాయన లేచి, ఎవరినీ అడగకుండా స్టోరు గదిలోనుండి హార్మోనియం తెచ్చుకున్నాడు. పాట ఆగలేదు. తిత్తికి తోలు అతికించాలి, రెండు మెట్లు ఇంకా పలకడం లేదు. అమ్మకము మాట వచ్చే కమిటీకి వాయిదా పడింది.