జాకీని తూస్తారు, మరి మనల్ని?

మా మల్కాజ్‌గిరిలో ఎవరినైనా గుర్రప్పందేలు ఎక్కడ జరుగుతాయని అడగండి, ఠక్కున మలక్‌పేట అంటారు. నిజమే. కానీ 1868లో హైదరాబాద్ రేసులు మొదలైంది మాకు కూతవేటు దూరంలో ఉన్న మౌలాలిలో. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో వాటిని తన ప్యాలెస్ దగ్గరగా ఉండే మలక్‌పేటకి మార్పించాడు. ఈ చరిత్రంతా నాకు మొదట చెప్పింది ఏ ప్రొఫెసరో కాదు, మా రూమ్మేట్.

ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు తార్నాకలో ఇద్దరం ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. అతను నాకు సీనియర్. పేరెందుకు, అన్న అనుకుందాం. లెక్కల్లో దిట్ట. ఒక అక్టోబర్ 2న పొద్దున్నే నన్ను లేపాడు.

"తమ్మీ, లే. ఇయ్యాల డెక్కన్ డెర్బీ. ఆర్ట్స్ కాలేజీ కాడ ఎంఎంటీఎస్ ఎక్కితే సీదా మలక్‌పేటల దిగుతం."

గాంధీ జయంతి రోజు వైన్ షాపులన్నీ బంద్. రేస్ కోర్సు మాత్రం జాతరలా ఉంది. ఆటోవాలాలు, రిటైరైన ఉద్యోగులు, కూలింగ్ గ్లాసుల కుర్రాళ్లు... అందరి చేతుల్లోనూ రేసుల పుస్తకమే. అన్న దగ్గర అది కాక సొంత నోట్‌బుక్ ఒకటి. ఏ గుర్రం ఎంత దూరం ఎన్ని సెకన్లలో పరుగెత్తింది, ఏ జాకీ ఎన్ని గెలిచాడు అన్నీ రాసుకున్నాడు.

డెర్బీ కంటే ముందు ఒక చిన్న రేసు, 1200 మీటర్లు. అన్న ఎంచుకున్న గుర్రం మీద ఉన్నది మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు. "గుర్రం మంచిదే. పోరడే మాట వినడు. వెనక ఉండి ఆఖరికి ఉరకమంటే, మొదట్లనే ఉరుకుతడు" అన్నాడు పక్కనున్న పెద్దాయన. అన్న వినలేదు. రెండు వేలు పెట్టాడు. అది మా రూమ్ అద్దెలో అతని వాటా.

రేసంతా నిమిషం పావు. గేటు తెరుచుకోగానే కుర్రాడు ముందుకొచ్చేశాడు. మలుపు తిరిగేదాకా అతనే ఫస్టు. స్టాండ్ మొత్తం లేచి నిలబడింది. ఇంకో వంద మీటర్లుందనగా ఒక గుర్రం పక్కనుంచి వచ్చి దాటేసింది. అన్న ఆ పిల్లాడిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. పెద్దాయన మాత్రం నవ్వాడు. "గెలిస్తే షేర్ అంటరు బేటా, ఓడితే పొగరంటరు. పిల్లగాడు ఒక్కడే గద!"

నేను కుర్రాడినే చూస్తున్నాను. చెమటలు కారుతుంటే గుర్రం దిగి, జీను తనే మోసుకుంటూ తూకం గది వైపు నడిచాడు. ఎందుకని అడిగితే పెద్దాయనే చెప్పాడు. బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, మామూలు గుర్రానికి తక్కువ బరువు వేస్తారట. జాకీ బరువు చాలకపోతే జీనుకి సీసం ముక్కలు పెడతారు. రేసుకి ముందు తూస్తారు, తర్వాతా తూస్తారు. తేడా వస్తే గెలుపు కూడా పోతుంది. ఆ బరువు కోసం జాకీలు కడుపు మాడ్చుకుంటారు. దాదాపు ఐదు వందల కిలోల జంతువు మీద గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పోతుంటే, పక్కనే అంబులెన్సు కూడా వెంట వస్తుంది. అన్నిటికంటే నాకు వింతగా అనిపించింది, జాకీ పందెం కాయకూడదన్న రూలు. ఒళ్లు పణంగా పెట్టేది అతను, డబ్బు పెట్టి తిట్టేది మనం.

ఉద్యోగాలొచ్చాక అన్న రేస్ కోర్సుకి వెళ్లడం మానేశాడు. మారాడనుకున్నాను. మారింది ఆట మాత్రమే. గుర్రాలు పోయి ఫోన్లో రమ్మీ, క్రికెట్ వచ్చాయి. 2017లో తెలంగాణ ఆన్‌లైన్ పందేలని నిషేధిస్తే ఫోన్లో లొకేషన్ మార్చుకున్నాడు. నేను అడ్డం చెప్తే ఒకటే జవాబు. "1996ల సుప్రీంకోర్టే చెప్పింది, గుర్రప్పందెం నైపుణ్యం ఆట అని." చెప్పిన మాట నిజమే. కానీ ఆటలో నైపుణ్యం ఉందంటే ఆడే ప్రతివాడికీ ఉందని కాదు కదా!

ఒక రాత్రి ఎక్సెల్ తెరిచి కూర్చోబెట్టాను. రేసుల్లో టోట్ అంటే అందరి డబ్బూ ఒకచోట వేసి, పన్ను, కమీషన్ తీసేసి, మిగిలింది గెలిచినవాళ్లకి పంచడం. ఉదాహరణకి నూటికి ఇరవై తీస్తారనుకుందాం. వంద రూపాయలు సగటున ఎనభై అవుతాయి. వచ్చిందే మళ్లీ పెడుతూ పోతే పదో రౌండుకి మిగిలేది పదకొండు రూపాయలు. లెక్కల్లో దిట్ట అన్నాను కదా, అన్నకి నాకంటే ముందే అర్థమైంది. మర్నాడు మళ్లీ ఆడాడు.

నా తప్పూ ఉంది. మూడుసార్లు డబ్బు సర్దాను. స్నేహం అనుకున్నాను. నాలుగోసారి నలభై వేలు అడిగినప్పుడు తెలిసింది, ఊళ్లో వాళ్ల నాన్న ప్లాటు అప్పటికే అమ్మేశాడని. చెల్లి పెళ్లి కోసం ఉంచిన ప్లాటు అది. ఆ రోజు డబ్బు ఇవ్వలేదు. కాగితం, పెన్ను ఇచ్చి, "ఎవరికెంత బాకీ ఉన్నావో రాయన్నా" అన్నాను. రెండు గంటలు పట్టింది. కింద మొత్తం వేసి, ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఆ తర్వాత టెలీ మానస్ 14416కి నేనే డయల్ చేసి ఫోన్ అతని చేతికిచ్చాను. తెలుగులోనే మాట్లాడారు.

ఆ కాగితం చూస్తుంటే నాకు జీను మోసుకుపోతున్న ఆ కుర్రాడే గుర్తొచ్చాడు. మాట వినని పిల్లాడే కావచ్చు, పరుగయ్యాక తిన్నగా వెళ్లి త్రాసు మీద నిలబడ్డాడు. పందెం కాసేవాడికి త్రాసు లేదు. ఇంట్లోవాళ్లో, ఫ్రెండ్సో తెచ్చి ముందు పెట్టాల్సిందే.

అన్న ఇప్పుడు నెలకోసారి మల్కాజ్‌గిరి వస్తాడు. టీ తాగుతూ ఆ కాగితం తీస్తాడు. కొట్టివేతలు పెరుగుతున్నాయి. మొన్నొకసారి మాత్రం కొత్తగా ఒక లైను చేరింది. కోపం వచ్చింది కానీ తిట్టలేదు. దాచకుండా రాశాడు కదా!

మీ ఇంట్లో ఇలాంటి అన్న ఎవరైనా ఉంటే, ఈసారి డబ్బు ఇచ్చే ముందు ఒక కాగితం ఇచ్చి చూడండి.