గింజలు వేసే ముందు పేరు తెలుసుకుందాం

సంక్రాంతి దగ్గరపడితే మా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల ఇల్లు ఏదో ఇట్టే చెప్పవచ్చు. వాకిట్లో ముగ్గు ఉంటుంది. కొన్ని ఇళ్లలో వసారా చూరుకు వరి కంకుల కుచ్చు కూడా వేలాడుతుంది. రైల్వే వర్క్‌షాప్‌లో పని కోసం ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తాతల తరం తెచ్చుకున్న అలవాటు అది. కొత్త పంటలో మొదట పిచ్చుకలకు వాటా ఇవ్వాలంటారు. మాకు పొలాలు లేవు, క్వార్టర్లే ఉన్నాయి. అయినా ఆ వాటా మానలేదు.

ఆ వాటా ఎవరికి అందుతోందో చూద్దామని ఈ చలికాలం మా తరగతిలో కొందరం అనుకున్నాం. రోజూ బడికి బయలుదేరే ముందు పదిహేను నిమిషాలు పెరటి గుమ్మంలో కూర్చున్నాం. గుప్పెడు నూకలు చల్లితే కాకులు, పావురాలు, గోరింకలు వచ్చాయి. పిచ్చుకలు కాస్త భయంభయంగా వచ్చాయి. చలికాలపు పక్షులకు మేత పెడుతున్నామని మేము సంబరపడ్డాం.

తీరా చూస్తే, చలికాలంలో మాత్రమే మన ఊరికి వచ్చే పక్షుల్లో ఒక్కటీ ఆ నూకలు ముట్టలేదు.

తోక ఆడిస్తూ గడ్డిలో చకచకా పరుగెత్తే తెలుపు నలుపు పిట్ట ఒకటి రోజూ కనిపించేది. బెంగాలీ స్నేహితుడు దాన్ని ‘ఖంజన్’ అన్నాడు. ఇంట్లో అడిగితే అమ్మమ్మ ‘కాటుకపిట్ట’ అంది. అది హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాది చలిదేశాల నుంచి మన మైదానాలకు దిగి వస్తుంది. కంటి మీదుగా నల్లటి గంత కట్టినట్టుండే బ్రౌన్ ష్రైక్ కంచె తీగ మీద వాలేది. దాని పుట్టిల్లు సైబీరియా, మంగోలియా వైపు. ఈ రెండూ పురుగులు తినే పక్షులు. మన నూకలతో వాటికి పని లేదు.

అందుకే మా అభిప్రాయం ఇది. ఎవరు వచ్చారో తెలుసుకోకుండా పెట్టే మేత మన తృప్తికే సరిపోతుంది. ముందు పక్షిని గుర్తుపట్టాలి, తర్వాత దానికి ఏం కావాలో చూడాలి. పిచ్చుకలకు వడ్లు, సజ్జలు, జొన్నలు వేయండి. ఉప్పూ కారం ఉన్న మిక్చరు, చిప్స్ వద్దు. లోతు లేని పళ్లెంలో నీళ్లు పెట్టి రోజూ మార్చండి. పిల్లి దూకలేని చోటు చూసి పెట్టండి.

మరి పురుగులు తినే అతిథుల సంగతి? మన వీధుల్లో చలికాలమంతా రాలిన ఆకులు ఊడ్చి తగలబెడుతున్నారు. పొగ మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆకుల కింది పురుగులు బూడిదవుతాయి. అంత దూరం నుంచి వచ్చిన పక్షి కంచాన్ని మనమే కాల్చేస్తున్నాం. పిచ్చుక కూడా తన పిల్లలకు ఎక్కువగా పురుగులే పెడుతుంది.

ఆకులు వదిలేస్తే పాములు, దోమలు చేరతాయని పెద్దలు అంటారు. ఆ భయాన్ని మేము కొట్టిపారేయడం లేదు. పెరడంతా వదలమనీ అడగడం లేదు. గుమ్మానికి దూరంగా, ప్రహరీ మూల చిన్న గుంత తీసి ఆకులు అందులో వేయండి. పక్షులకు పురుగులు, మొక్కలకు ఎరువు రెండూ దొరుకుతాయి.

మనం ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు చదువుతూ, మాట్లాడుతూ పెరుగుతున్నాం. మన గోరింక ఇక్కడ ‘శాలిక్’. మన పెద్ద నలంచి ఇక్కడ ‘దోయెల్’, అదే బంగ్లాదేశ్ జాతీయ పక్షి. ఇన్ని పేర్లు అందుబాటులో ఉన్నా మనలో చాలామంది ‘ఏదో పిట్ట’ అని ఊరుకుంటున్నాం. ‘ఏదో పిట్ట’ రేపటి నుంచి రాకపోతే, రాలేదని కూడా మనకు తెలియదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. 1998లో అమెరికాలో మొదలైన ఈ లెక్కింపులో మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. కనీసం పదిహేను నిమిషాలు చూసి, కనిపించిన పక్షులను లెక్కపెట్టి నమోదు చేస్తే చాలు. మన బడి నుంచీ ఒక జాబితా వెళ్లాలని మా కోరిక. సంక్రాంతికి కుచ్చు కట్టే ప్రతి ఇంట్లోనూ ఒక నోటు పుస్తకం మొదలుపెట్టండి. పేర్లు తెలియకపోతే అమ్మమ్మను అడగండి, పక్కింటి కాకీమాను అడగండి.