అచ్చం అదే రుచా? ఏ వారం రుచి?

మొన్న ఆదివారం మా మేనల్లుడు హైదరాబాదు నుంచి ఒక వీడియో పంపాడు. స్టీలు గిన్నెలో బంగాళాదుంప కూర, పక్కన పొంగిన పూరీ, కింద ఒక ముక్క: "మామయ్యా, మన మలంచా మెస్సు కూర అచ్చుగుద్దినట్టు దించేశాను!" వాడు మా ఊరు ఖరగ్‌పూర్ వదిలేనాటికి వాడికి ఏడేళ్లు. ఆ మెస్సులో వాడు తిన్నది పూరీ, పంచదార. కూర కారమని వేలితో కూడా ముట్టేవాడు కాదు.

ఈ జబ్బు వాడొక్కడిదే అయితే నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. మూతపడ్డ హోటళ్ల కూరల్ని మళ్లీ బతికిస్తామని బయల్దేరినవాళ్లు ఇప్పుడు వీధికొకరు. అందరిదీ ఒకటే పాట: రహస్య మసాలా, పాతకాలం కొలత, అదే రుచి. ఏమిటర్రా ఆ రహస్యం? ఆ మెస్సు వంటింటికి తలుపే ఉండేది కాదు. అంతా నా కళ్లముందే జరిగేది. దుంపలు తొక్కతో ఉడికించి, చేత్తో చిదిమేవారు. ఊరు బెంగాలు కాబట్టి ఆవనూనె, అదీ పొగ లేచేదాకా కాచి పోపు. అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయలు, చిక్కదనానికి శనగపిండి నీళ్లు. ఉల్లి ధర మండిన వారం ఉల్లిపాయలు తగ్గి శనగపిండి నీళ్లు పెరిగేవి. జీతాల ముందు వారం, సగంమంది ఖాతా రాయించుకునే రోజుల్లో, కూర ఇంకా పలచబడేది. జీతాలు పడ్డాక చిక్కబడేది. మరి నువ్వు దించింది ఏ వారం రుచిరా అల్లుడూ?

వాణ్ణి క్షమించొచ్చు. నా అసలు కోపం రైల్వే మటన్ కర్రీ మీద. పెద్ద హోటళ్ల మెనూలో ఇత్తడి బకెట్టులో పెట్టి తెస్తారు చూడండి, అది. దానికొక కథ. ఎవరో దొర రైలు వంటింట్లోకి తొంగిచూశాడట, పనివాళ్లు వండుకున్న మాంసం ఘాటు తట్టుకోలేకపోయాడట, వంటవాడు పెరుగు కలిపి చల్లార్చాడట. మరో చోట పెరుగు పోయి కొబ్బరిపాలు వస్తాయి. దొరకి పేరు లేదు, బండి పేరు చెప్పేవాణ్ణిబట్టి మారుతుంది. ఇక వంటవాడి పేరంటారా, అది అడిగినవాడే లేడు.

మా తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికి వచ్చారు. 1887లో పుట్టిన ఆ కంపెనీ ఇక్కడ జంక్షనూ కార్ఖానా కట్టాక మా వైపువాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి ఈ క్వార్టర్లు నింపారు. వాళ్ల క్యారియర్లో ఏముండేది? చద్దన్నం, ఉల్లిపాయ, బాగుంటే ఎండుచేపల ఇగురు. దాన్ని ఏ హోటలైనా "రైల్వే కర్రీ" అని ఇత్తడి బకెట్టులో పెట్టి అమ్మిందా? అమ్మదు. బండి ఎక్కి తిన్నవాడి కూర రైల్వే కూర. బండిని బాగుచేసినవాడి కూర మాత్రం కంపు!

పాత గొప్పల పిచ్చి మా ఊరికి కొత్తేం కాదు. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదేనని కొత్తవాళ్లకి చెప్పే పెద్దలు ఇంకా ఉన్నారు. మాది 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ 1366 మీటర్లతో దాటేసింది, 2023లో హుబ్బళ్లి 1507 మీటర్లతో దాన్నీ దాటింది. ఇది చెప్తే "నువ్వు ఈ ఊరివాడివేనా?" అని నామీదే పడతారు. రుచి సంగతీ అంతే. కొలిచి చూపిస్తే కోపం.

పాత వంటలు కాపాడుకోవద్దా అంటారు. కాపాడుకోండి, ఎవరొద్దన్నారు? ఇంట్లో అమ్మ చేసేవి చాలా ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి. మూతపడ్డ హోటలు మీద ఇంత ప్రేమ కారిపోతోందే, అది ఎందుకు మూతపడిందో ఒక్కడైనా చెప్తాడా? మనం వెళ్లడం మానేశాం కాబట్టి. కొత్తగా ఏసీ హోటలు రాగానే అటు తిరిగాం. నేనూ తిరిగాను. రోజూ సైకిలు మీద ఆ మెస్సు ముందునుంచే వెళ్తూ, దాన్ని నడిపే ఆవిడ పిలుస్తుందేమోనని తల పక్కకి తిప్పుకున్నాను. తలుపు పడిన ఆర్నెల్లకి అందరం "అబ్బ, ఆ కూర!" అన్నాం.

ఆవిడ పేరేమిటని మేనల్లుణ్ణి నిలదీద్దామని ఫోను చేతిలోకి తీసుకుని ఆగిపోయాను. మేమంతా పిన్నిగారూ అనేవాళ్లం. పద్నాలుగేళ్లు తిన్నాను, పేరు నాకూ తెలీదు. కూరలో శనగపిండి ఎంతో గుర్తుంది!

మరి ఏం చెయ్యమంటావు అని అడుగుతారు. నా దగ్గర పెద్ద పథకమేమీ లేదు. గోల్‌బజారు వైపు ఒకాయన సాయంత్రం నాలుగింటికి బండి పెట్టి పెసరట్లు వేస్తున్నాడు. పెనం సరిగ్గా కాలదు, మొదటి అట్టు ఎప్పుడూ చిరుగుతుంది, చట్నీలో ఉప్పెక్కువ. బేరం కూడా అంతంతమాత్రమే. మా ఊరి మాతా పూజలకి మేనల్లుడు వస్తానన్నాడు. అక్కడికే తీసుకెళ్తాను. ముందు ఆ చిరిగిన అట్టు తినాలి, తర్వాత ఆయన పేరడిగి డబ్బులిచ్చి రావాలి. వీడియో సంగతి ఆ తర్వాత చూద్దాం.