ఎండిపోతే చెరువు కాదా?

మే నెలలో చెరువు ఎండుతుంది. నెర్రెలిచ్చిన మట్టిమీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. ఇంతకీ అక్కడ చెరువు ఉన్నట్టా, లేనట్టా?

ఊళ్లో ఎవరినడిగినా 'నీళ్లు లేవుగానీ చెరువు ఎక్కడికి పోతుంది' అంటారు. కంప్యూటర్ అలా అనదు. ఉపగ్రహ చిత్రంలో నీరు కనిపిస్తే నీరు, లేకుంటే నేల. దానికి చెప్పింది అంతవరకే అయితే, ఎండాకాలం గీసిన పటంలో చెరువు కాస్తా ఖాళీ జాగా అయిపోతుంది. (ఆ మాట కోసమే కాచుక్కూచునేవాళ్లకు మన నగరాల్లో కొదవా!)

అందుకే పటాల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే జీఐఎస్ నిపుణులు ముందు ఓ పని చేయాలి. ఏది 'ఉండేది', ఏది 'జరిగేది', దేనికి దేనితో సంబంధం... ఇవన్నీ విడమరిచి రాసిపెట్టాలి. దీనికి 'ఆంటాలజీ' అని బరువైన పేరు. చెరువు ఉండేది. వరద, ఇంకడం, ఆవిరవడం జరిగేవి. వాటికి ఎక్కడ అన్నది ఒక్కటే చాలదు, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో కూడా కావాలి.

పశ్చిమ ఆస్ట్రేలియాలో యిండ్జిబార్ండి అనే ఆదివాసుల భాష ఉంది. డేవిడ్ మార్క్, ఆండ్రూ టర్క్ అనే పరిశోధకులు 2003లో దాని గురించి రాశారు. వాళ్ల భాషలో ఏటి దారి 'వుండు'. అందులో చుక్క నీరు లేకపోయినా వుండూయే. పారే నీటికి వేరే మాటలున్నాయి. మనమేమో రెంటికీ ఒకే మాట వాడేస్తాం. 'వాగులో ఇసుక తెచ్చారు' అంటే దారి, 'వాగొచ్చింది, దాటకండి' అంటే నీళ్లు. వినేవాళ్లకు తికమక లేదు, కంప్యూటర్‌కే తంటా.

ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్షియం అనే అంతర్జాతీయ సంస్థ 2018లో వెలువరించిన నమూనా ఈ చిక్కు విప్పింది. అందులో నీరు వేరు, అది నిలిచే పల్లం, పారే కాలువ వేరు. నీరు పోయినా పల్లం పటంలోంచి పోదు.

తెలంగాణ గొలుసుకట్టు చెరువులకైతే సంబంధాలే ప్రాణం. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీరు. పటంలో రెండు నీలి మచ్చలుంటే సరిపోదు. 'దీని అలుగు దానిలోకి' అన్న ముక్క కూడా ఉండాలి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి, దిగువ కాలనీలు మునిగాయి. ఏ కట్ట తెగితే ఏ వీధిని ముందు ఖాళీ చేయించాలో కంప్యూటర్ చెప్పాలంటే, ఆ ముక్క ముందే రాసి ఉండాలి.