పొట్టేలుకు పద్దు పుస్తకం: జర్మనీ కాపరి కుక్క చెప్పే పాఠం

మార్చి, ఏప్రిల్ నెలల్లో వరి కోతలు ముగిసిన వెంటనే కోవూరు పరిసరాల మాగాణి భూముల్లోకి గొర్రెల మందలు దిగుతాయి. పగలు కోసిన చేలల్లో మేపి, రాత్రి పొలంలోనే మంద కట్టి, భూమికి ఎరువునిచ్చి కదిలిపోవడం పెన్నా డెల్టాలో తరతరాలుగా ఉన్న ఏర్పాటు. ఆ మందల్లో ఒక సంగతి గమనించదగినది. వ్యాపారి వచ్చినప్పుడు ముందుగా అమ్ముడుపోయేది తూకం బాగా వచ్చిన పొట్టేలు పిల్ల. నాలుగైదు నెలల వయసులో తోటి పిల్లలకంటే ఎదిగి కనిపించినదే కటికవాని చేతికి పోతుంది. ఎదుగుదల మందగించి, ధర పలకక మిగిలిన వాటిలో ఒకటి ఏడాది తిరిగేసరికి మందకు విత్తన పొట్టేలు అవుతుంది. పంటలో గట్టి గింజలను అమ్మివేసి తాలు గింజలను విత్తనానికి దాచే రైతు ఎక్కడా ఉండడు. గొర్రెల పెంపకంలో మాత్రం అదే జరుగుతున్నది.

ఇందులో కాపరి తప్పు లేదు. అతనికి ఆ రోజు డబ్బు అవసరం. మంచి పిల్లకు మంచి ధర వస్తుంది. లోపం వ్యవస్థలో ఉంది. నెల్లూరు గొర్రె జాతికి పేరున్నది, రూప లక్షణాల వర్ణన ఉన్నది, జాతీయ స్థాయిలో గుర్తింపు ఉన్నది. అయితే ఏ పొట్టేలు ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టినదో, ఎంత ఎదిగినదో చెప్పే పద్దు పుస్తకం కాపరుల మందల్లో లేదు. జాతి నమోదు అయినది. జంతువు నమోదు కాలేదు. ఈ రెండింటి మధ్య గల తేడాను గ్రహించడానికి ఒక విదేశీ ఉదాహరణ ఉపకరిస్తుంది. అది గొర్రెల మంద నుంచే పుట్టిన ఉదాహరణ.

ఈనాడు పోలీసు దళాల్లోనూ, పట్టణాల్లోని ఇండ్లలోనూ కనిపించే జర్మన్ షెపర్డ్ మొదట గొర్రెల కాపరి కుక్క. పంతొమ్మిదో శతాబ్దం చివరి నాటికి జర్మనీలో పరిశ్రమలు, రైలు మార్గాలు పెరిగి మందలు తగ్గుతూ వచ్చాయి. కాపరి కుక్కలకు పని కరవయ్యే రోజు కనుచూపు మేరలో ఉండగా, అశ్వదళంలో అధికారిగా పనిచేసిన మాక్స్ ఫోన్ స్టెఫానిట్స్ 1899 ఏప్రిల్‌లో కార్ల్స్‌రూయె నగరంలో కొందరు మిత్రులతో కలిసి ఈ కుక్కలకు ఒక సంఘాన్ని స్థాపించాడు. ఆ సంఘం వంశావళి పుస్తకంలో మొదటి సంఖ్య కింద చేరినది హోరాండ్ ఫోన్ గ్రాఫ్రాట్ అనే మగ కుక్క. స్టెఫానిట్స్ దృష్టిలో అందం అనేది పని సామర్థ్యానికి వెలుపల ఉండే వస్తువు కాదు. పనికి తగిన శరీరమే అందమైన శరీరం. మందలు తగ్గినా జాతి నిలవాలంటే దానికి కొత్త పని కావాలని భావించి, పోలీసు, సైనిక సేవల వైపు ఈ కుక్కలను నడిపించాడు.

ఆ సంఘం క్రమేణా ఏర్పరచిన నియమాలు విస్తరణ శాస్త్రవేత్తలు శ్రద్ధగా చూడవలసినవి. తల్లిదండ్రులు శుద్ధజాతివైనంత మాత్రాన ఒక కుక్కను సంతతికి వాడరాదు. ఆడ కుక్కకు 20 నెలలు, మగ కుక్కకు 24 నెలలు నిండాలి. తుంటి కీళ్లకు, ముందుకాళ్ల మోచేతి కీళ్లకు ఎక్స్‌రే తీసి అర్హత నిర్ణయించాలి. వాసన పట్టి జాడ తీయడం, ఆజ్ఞ పాటించడం, రక్షణ అనే మూడు భాగాల పని పరీక్షలోగాని, గొర్రెల మందను కాయించి చూసే పరీక్షలోగాని ఉత్తీర్ణత పొందాలి. సైకిలు పక్కన 20 కిలోమీటర్లు పరుగెత్తే ఓర్పు పరీక్ష ఉంది. వీటి తరువాత న్యాయనిర్ణేత ఆ కుక్కను కొలిచి, స్వభావం పరీక్షించి, ఎలాంటి జోడుతో దాటించవచ్చునో, ఎలాంటి జోడు తగదో పత్రంలో రాస్తాడు. పుట్టిన పిల్లలకు చిప్ అమర్చుతారు, డి.ఎన్.ఎ. ద్వారా తల్లిదండ్రులను నిర్ధారిస్తారు. మగ కుక్క ఎత్తు 60 నుంచి 65 సెంటీమీటర్లు, ఆడ కుక్క ఎత్తు 55 నుంచి 60 సెంటీమీటర్లు అన్న ప్రమాణం కూడా ఉన్నది. ఆ కొలత నియమావళిలో ఒక భాగం మాత్రమే. దాని ప్రాణం పని పరీక్షలో ఉంది.

మన దేశంలో ఈ జాతి పిల్లలను కొనేవారు చాలావరకు చెవుల నిలువు, వీపు రంగు, తండ్రి గెలిచిన బహుమతులు చూసి కొంటారు. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన కుక్కల పెంపకం, విక్రయ నియమాలు ఆడ కుక్కను 18 నెలల లోపు దాటించరాదనీ, జీవితకాలంలో 5 ఈతలకు మించరాదనీ, 8 వారాల లోపు పిల్లలను అమ్మరాదనీ నిర్దేశిస్తున్నాయి. అవి జంతు సంక్షేమానికి అవసరమైన నియమాలు. కాని ఒక కుక్క తన జాతి పనికి తగినదా అనే ప్రశ్న వాటి పరిధిలోనిది కాదు. జర్మనీ నియమావళిలో ఉన్న సగం విషయం కాగితంతో పాటు సముద్రం దాటి వచ్చింది. మిగిలిన సగం అక్కడే ఉండిపోయింది.

ఈ ఉదాహరణను ఆదర్శంగా మాత్రమే చూపడం నిజాయితీ కాదు. జర్మన్ షెపర్డ్ చరిత్రలో హెచ్చరికలు కూడా ఉన్నాయి. 1920ల నాటికి కాళ్లు మరీ పొడవైన కుక్కలు పెరిగిపోగా, 1925 ప్రదర్శనలో క్లోడో ఫోన్ బాక్స్‌బెర్గ్ అనే, కాస్త పొట్టిగా పొడవైన దేహం గల కుక్కను విజేతగా ఎంచి జాతి రూపాన్ని మళ్లించారు. ఒక విజేత వెనుక అందరూ పరుగెత్తితే రక్తం ఇరుకవుతుంది. ఆ తరువాతి దశాబ్దాల్లో ప్రదర్శన వంశాలు, పని వంశాలు వేర్వేరు దారులు పట్టాయి. ప్రదర్శన వంశాల్లో వెనుకకు వాలిన వీపు విమర్శకు గురయింది. తుంటి కీలు లోపాన్ని అరికట్టడానికి 1966లో ఎక్స్‌రే ముద్ర ప్రవేశపెట్టారు. అనేక జన్యువుల ప్రభావం గల ఆ లోపం ఒక్క ముద్రతో పోలేదు. సంతతి మొత్తాన్ని లెక్కలోకి తీసుకునే జన్యు విలువ అంచనాలు తరువాత అవసరమయ్యాయి. పరీక్ష నామమాత్రమైన చోట పద్దు పుస్తకం జాతిని కాపాడదు. లోపాన్ని క్రమపద్ధతిలో వ్యాపింపజేస్తుంది. మొదటి పాఠం ఎంత ముఖ్యమో ఈ రెండవ పాఠం కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు నెల్లూరు గొర్రె వైపు చూడవచ్చు. ఇది దేశంలోని గొర్రె జాతుల్లో ఎత్తైనదిగా పేరు పొందినది. ఒంటిపై ఉన్ని కాక పొట్టి వెంట్రుకలు ఉంటాయి. చూడగానే మేకను తలపిస్తుంది. తెల్లని పల్ల, తెలుపు మీద నల్లమచ్చల జోడిపి, గోధుమ వన్నె దొర అని మూడు రకాలు. పొట్టేళ్లకు కొమ్ములు ఉంటాయి. గొర్రెలకు సాధారణంగా ఉండవు. ఈ వర్ణన జాతిని గుర్తించడానికి చాలును. మేలైన పొట్టేలును ఎంచడానికి చాలదు. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ నల్లమచ్చలు చక్కగా కుదిరిన జోడిపి పొట్టేలు చూడముచ్చటగా ఉంటుంది. దాని పిల్లలు మూడు నెలల్లో ఎన్ని కిలోలు తూగుతాయో ఆ మచ్చలు చెప్పలేవు.

కుక్కకు పని పరీక్ష ఉన్నట్లే గొర్రెకూ పని ఉంది. నెల్లూరు గొర్రె పని నడవడం, ఎండను తట్టుకోవడం, ఉన్న మేతతో పిల్లను పెంచడం, మాంసం పెట్టడం. తీర మండలాల్లో రొయ్యల చెరువులు విస్తరించి, బీడు భూములు తగ్గిన కొద్దీ మందలు మేతకై మరింత దూరం నడవవలసి వస్తున్నది. ఆ పొడవాటి కాళ్లు అలంకారం కావు, అవి పనిముట్లు. అందువలన నమోదు ప్రమాణంలో చేరవలసినవి పుట్టిన తేదీ, ఒంటి పిల్లా కవల పిల్లా అన్న వివరం, మూడు నెలల బరువు, ఆరు నెలల బరువు, తల్లి ఎన్ని ఈతల్లో ఎన్ని పిల్లలను బతికించుకున్నదన్న లెక్క, వేసవిలో మందతో నడిచి నిలిచినదా అన్న పరిశీలన. శరీర బరువు ఒక మోస్తరుగా వంశపారంపర్యంగా సంక్రమించే లక్షణం. ఒక్కొక్క పొట్టేలు 25 నుంచి 30 గొర్రెలకు తండ్రి అవుతుంది. కాబట్టి ఒక పొట్టేలు ఎంపికలో చేసిన మేలుగాని, కీడుగాని మంద అంతటా కనిపిస్తుంది.

ఇందుకు కావలసిన పునాది లేకపోలేదు. పశువులకు 12 అంకెల చెవిపోగు వేసే విధానం గొర్రెలకూ విస్తరించినది. ఆ సంఖ్య ఈనాడు ఎక్కువగా టీకాల లెక్కకు ఉపయోగపడుతున్నది. అదే సంఖ్య కింద తల్లి సంఖ్యను, రెండు తూకాలను చేర్చితే పద్దు పుస్తకం మొదలైనట్లే. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో నెల్లూరు గొర్రెల పోషణ, ఎంపికలపై పని జరుగుతున్నది. పరిశోధన కేంద్రం మందలోని క్రమశిక్షణ కాపరి మందకు చేరవలసి ఉంది. గ్రామస్థాయి పశుసంవర్ధక సహాయకుని చేతిలో వేలాడే త్రాసు, కాపరి ఇంటి పిల్లల్లో చదువుకున్న ఒకరి చేతిలో సెల్‌ఫోను ఉంటే తొలి దశకు సరిపోతుంది.

అయితే ఎంపిక అమ్మకానికి ముందు జరగాలి. పది మందలను ఒక సమూహంగా తీసుకుని, మూడు నెలల తూకంలో ముందున్న పొట్టేలు పిల్లలను గుర్తించి, ఆరు నెలల తూకం వరకు వాటిని అమ్మకుండా నిలిపే కాపరికి వ్యాపారి ఇచ్చే ధరకు తగ్గని మొత్తం అందించే ఏర్పాటు కావాలి. ఇది లేకుండా ఎన్ని శిక్షణ శిబిరాలు నిర్వహించినా, మేలైన పిల్ల కటికవాని తాడుకే కట్టబడుతుంది. పథకాల కింద పొట్టేళ్లను పంచే ప్రభుత్వాలు ఈ విధంగా నిలిపిన పొట్టేళ్లను కొనుగోలు చేస్తే ఖర్చు తిరిగి రావడానికి మార్గం దొరుకుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు నిర్ణయించారు. అంతటి పథకంలో ఆ ఒక్క పొట్టేలు ఎంపికకు వెచ్చించే శ్రద్ధ, మిగిలిన 20 గొర్రెల సంతతి విలువను నిర్ణయిస్తుంది.

పద్దు పుస్తకాన్ని మూసివేయరాదు. తల్లిదండ్రుల పేర్లు తెలియని పొట్టేలైనా, రూపం జాతికి తగినదై, తూకం పరీక్షలో నెగ్గితే చేర్చుకోవాలి. రెండేండ్లకొకసారి సమూహంలోని పొట్టేళ్లను ఒక మంద నుంచి మరొక మందకు మార్చాలి. తండ్రి కూతుళ్ల కలయికను నివారించడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు. ఏ ఒక్క పొట్టేలు సంతతీ సమూహంలో మితిమీరకుండా హద్దు విధించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలను దాచకుండా రాయాలి. జర్మన్ షెపర్డ్ పెంపకందారులు దశాబ్దాల నష్టం తరువాత నేర్చుకున్న ఈ జాగ్రత్తలను నెల్లూరు గొర్రె విషయంలో మొదటి రోజు నుంచే పాటించవచ్చు.

కాపరులు పద్దులు రాయరన్న అభ్యంతరం ఒకటి వినవస్తుంది. నిజానికి వందకు పైగా గొర్రెల మందలో ఏ పిల్ల ఏ తల్లిదో కాపరికి తెలుసు. ఏ గొర్రె పాలు చాలనిదో, ఏది ఎండకు నిలిచినదో అతడు చెప్పగలడు. ఆ జ్ఞానం అతనితోనే ఉండి, అతనితోనే పోతున్నది. పద్దు పుస్తకం అతనికి కొత్త చదువు చెప్పదు. అతనికి తెలిసినదాన్ని నిలుపుతుంది. అంతేకాక, ఆ పుస్తకం వల్ల తన పొట్టేలుకు మాంసం ధరకు మించి విత్తన ధర వస్తుందని చూసిన కాపరి పద్దును తానే కోరుకుంటాడు. బ్రెజిల్‌లో నెల్లూరు పేరు మీదనే నెలోర్ అని పిలిచే పశుజాతి ఇందుకు సాక్ష్యం. ఒంగోలు పశువుల వంశమైన ఆ జాతికి అక్కడ 1938 నుంచి వంశావళి నమోదు ఉన్నది. ఈ తీరం నుంచి వెళ్లిన పశువుకు విలువను పెంచినది అక్కడి పచ్చిక ఒక్కటే కాదు. అక్కడి పద్దు కూడా.

పని పోయిన జాతికి ఏమవుతుందో కొల్లేరు పరిసరాల జోనంగి కుక్క చెబుతున్నది. బాతుల మందలను కాసిన ఆ కుక్క, బాతుల పెంపకం స్థానంలో చేపల చెరువులు వచ్చాక అక్కరకు రానిదై అరుదైపోయింది. దాని పని నిలిచి ఉన్న రోజుల్లో దాని సామర్థ్యాన్ని పరీక్షించి రాసినవారు లేరు. నెల్లూరు గొర్రె పని ఇంకా నిలిచి ఉన్నది. కోవూరు పొలాల్లో మందలు ఇంకా కడుతున్నారు. రేపు సంతకు పోబోయే పిల్లల్లో మేలైనది ఏదో ఈ రోజు తూచి రాయడానికి వ్యవధి ఉన్నది. ఆ తూకం తీసుకోవలసిన బాధ్యత పశువైద్య విద్యార్థులది, విస్తరణ శాస్త్రవేత్తలది. ఆ తూకం ఆధారంగా పొట్టేలును మందలో నిలపడానికి తగిన ధర ఇవ్వవలసిన బాధ్యత ప్రభుత్వానిది.